అందుబాటులో ఉంటే చూసినట్టేనా?

ప్రపంచ సినిమా అంతా ఫోన్‌లోకి వచ్చేశాక ఇంకా ఫిల్మ్ సొసైటీలు, సినిమా క్లబ్బులు ఎందుకన్న మాట ఇప్పుడు మామూలైపోయింది. సినిమా అంటే పెద్దగా పట్టనివాళ్లు అంటే సరే అనుకోవచ్చు, సినిమా మీద నిజమైన ఇష్టం ఉన్నవాళ్లే అంటున్నారు. వాళ్ల వాదన ఇలా సాగుతుంది: ఒకప్పుడు ఫిల్ము డబ్బాలు ఎక్కణ్నుంచో రావాలి, ప్రొజెక్టర్ సంపాదించాలి, హాలు దొరకాలి. ఆ ఖర్చూ శ్రమా ఒక్కరివల్ల అయ్యేవి కావు కాబట్టి పదిమందీ సంఘంగా కూడారు. ఇప్పుడు ఆ అవసరం తీరింది. కావలసినవారు కావలసిన వేళ ఒక్కరే చూసుకోవచ్చు. చూసినదాని గురించి నలుగురూ, అదీ ఎవరింట్లో వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, గంటల తరబడి చర్చించుకోవడం తీరిక ఉన్నవాళ్ల ముచ్చటే తప్ప దానివల్ల సినిమాకు ఒరిగేదేమీ లేదు. ఈ వాదనలో మొదటి సగం నిజం. డబ్బాల కష్టం తీరిన మాట వాస్తవమే. రెండో సగం మాత్రం పూర్తిగా తప్పని నా అభిప్రాయం. సినిమా దొరకడాన్నీ సినిమా చూడటాన్నీ ఒకటిగా లెక్కగట్టడం దగ్గరే ఆ తప్పు ఉంది. పెద్దగా పేరులేని, తారలు లేని, నెమ్మదిగా నడిచే సినిమా బతకాలంటే దాని గురించి మాట్లాడుకునే మనుషులు కావాలి. ఆ మనుషులు ఇవాళ ఒక ఊళ్లో లేరు కాబట్టి వాళ్లు కలుసుకునే చోటు ఆన్‌లైన్‌లో ఉండక తప్పదు.

ముందు చరిత్ర సంగతి. ఫిల్మ్ సొసైటీ అంటే డబ్బాలు తెప్పించుకోవడానికి పెట్టుకున్న సహకార సంఘం అన్న ఊహే సరికాదు. 1925లో లండన్‌లో ఫిల్మ్ సొసైటీ మొదలైనప్పుడు ఆ నగరంలో సినిమా హాళ్లకు కొదవ లేదు. ఆ హాళ్లలో ఆడనిది చూడాలనీ, చూసినదాన్ని నాటకంతోనూ చిత్రకళతోనూ సమానంగా పట్టించుకోవాలనీ కొందరు పట్టుబట్టడంవల్ల అది పుట్టింది. బెర్నార్డ్ షా, హెచ్.జి. వెల్స్ లాంటివారు దాని సభ్యుల్లో ఉన్నారు. బ్రిటిష్ సెన్సారు హాళ్లలో ఆడనివ్వని ఐసెన్‌స్టయిన్ 'బాటిల్‌షిప్ పొటెమ్‌కిన్'ను 1929లో ఆ సొసైటీ తన సభ్యులకు చూపించింది. అదే సినిమాతో 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, వాళ్ల మిత్రులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలు మొదలుపెట్టారు. రాయ్ అప్పటికి ఒక అడ్వర్టయిజింగ్ కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. 'పథేర్ పాంచాలి' రావడానికి ఇంకా 8 ఏళ్లుంది. ఏ సినిమాలో ఏది ఎందుకు పండింది, ఏది ఎందుకు తేలిపోయింది అని మిత్రులతో వాదించే అలవాటు ఆయనకు కెమెరా కంటే ముందు చేతికొచ్చింది. తిరువనంతపురంలో అడూర్ గోపాలకృష్ణన్, మిత్రులు 1965లో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1972లో వచ్చిన ఆయన సినిమా 'స్వయంవరం'ను నిర్మించింది ఆ బృందం ఏర్పరచుకున్న చిత్రలేఖ సహకార సంఘమే. యుద్ధం ముగిశాక పారిస్ సినీ క్లబ్బుల్లో ఆంద్రే బజాన్ లాంటివారి చుట్టూ చేరిన కుర్రాళ్లు 1951లో మొదలైన 'కాయే ద్యు సినిమా' పత్రికలో రాసి రాసి, ఆ దశాబ్దం చివరికి తామే సినిమాలు తీశారు. మన హైదరాబాద్‌లో శ్యామ్ బెనెగల్ ఉస్మానియాలో చదువుకునే రోజుల్లోనే ఫిల్మ్ సొసైటీ ప్రారంభించారు. ఇన్ని చోట్ల, ఇన్ని భాషల్లో ఒకే వరస కనిపిస్తుంటే దాన్ని ప్రొజెక్టర్ల కొరతతో వివరించడం కుదరదు.

ఇవన్నీ దర్శకులైనవాళ్ల కథలే కదా, ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చి సినిమా చూసుకునే మనిషికి వీటితో పనేమిటని అడగవచ్చు. మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం చేసిన పని దీనికి జవాబు. 1980లలో ఆయనా ఆయన మిత్రులూ కేరళలో ఒడెస్సా పేరిట ఒక బృందంగా ఏర్పడి ఊరూరా సినిమాలు చూపిస్తూ, చూసినవాళ్లతో మాట్లాడుతూ, వాళ్ల దగ్గరే చందాలు పోగుచేశారు. ఆ డబ్బుతో 1986లో 'అమ్మ అరియాన్' వచ్చింది. ఏ పంపిణీదారుడూ దాన్ని కొనలేదు, కొనాలని వాళ్లూ కోరుకోలేదు. చందా ఇచ్చిన ఊళ్లకే తీసుకెళ్లి చూపించారు. చందా ఇచ్చినవాళ్లలో సినిమా తీయాలన్న కోరిక ఎంతమందికి ఉండి ఉంటుంది? వాళ్లు ప్రేక్షకులే. కూడి చూసి, కూడి మాట్లాడుకున్న ప్రేక్షకులు కాబట్టి తమకు ఏ సినిమా కావాలో అడగగలిగే స్థితికి వచ్చారు. ఒంటరిగా చూసేవారికి ఈ స్థితి దొరకడం కష్టం. వాళ్లు నచ్చితే చూస్తారు, నచ్చకపోతే ఆపుతారు, అంతకు మించి అడిగే తావు వాళ్లకు లేదు.

ఇక 'అన్నీ దొరుకుతున్నాయి' అన్న మాటైనా ఎంతవరకు నిజం? పాత సినిమాల కోసం, కళాత్మక సినిమాల కోసం అమెరికాలో 2016లో పెట్టిన ఆన్‌లైన్ వేదిక ఫిల్మ్‌స్ట్రక్‌ను రెండేళ్లకే, 2018 నవంబరులో, యజమానులు మూసేశారు. అలాంటిదే అయిన ముబి చాలా ఏళ్లు రోజుకో సినిమా చేరుస్తూ, రోజుకో సినిమా తీసేస్తూ, ఎప్పుడూ 30 సినిమాలే ఉండేలా నడిచింది. ఒక దేశంలో కనిపించేది ఇంకో దేశంలో కనిపించదు. హక్కుల గడువు ముగిస్తే చెప్పాపెట్టకుండా పోతుంది. అసలు మిగలనివి వేరే. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద', 1932 నాటిది, ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. రిత్విక్ ఘటక్ 1952లో తీసిన 'నాగరిక్' ఆయన పోయిన మరుసటి ఏడాది, 1977లో గానీ విడుదల కాలేదు. దొరకడం అనేది ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టించుకోవడం మీద ఆధారపడిందే.

సరే, అన్నీ దొరుకుతున్నాయనే అనుకుందాం. అప్పుడు ఏది చూడాలో ఎవరు నిర్ణయిస్తారు? నేనే నిర్ణయించుకుంటానని ప్రతివారూ నమ్ముతారు. నెట్‌ఫ్లిక్స్ ఉన్నతోద్యోగులు 2015లో ప్రచురించిన ఒక పరిశోధన పత్రంలో తమ సంస్థ లెక్కలు చెప్పారు: జనం చూసే గంటల్లో దాదాపు 80 శాతం సంస్థ సిఫారసు చేసి ముందు పెట్టినవే, వెతుక్కుని చూసేది మిగిలిన 20 శాతం. ఏం చూడాలా అని వెతికే మనిషి ఒకటి, ఒకటిన్నర నిమిషంలో విసిగిపోతాడని కూడా వాళ్లే రాశారు. ఆ నిమిషంన్నరలో పది ఇరవై బొమ్మలు కళ్లముందు దాటిపోతాయి. ఇప్పుడు బి. నర్సింగరావు 'దాసి'ని ఆ వరసలో ఊహించండి. దొరల కోట లాంటి గడి లోపలి చీకటి గదులు, మాట్లాడని మనుషులు, ఒక ఆడమనిషి రోజంతా చేసే చాకిరీ. నిమిషంన్నరలో దాన్ని ఎవరూ ఎంచుకోరు. ఎంచుకున్నా మొదటి 20 నిమిషాల్లో వేలు ముందుకు జరపడానికి వెళ్తుంది. 2020 నుంచి నెట్‌ఫ్లిక్స్ సినిమాను ఒకటిన్నర రెట్ల వేగంతో చూసే వీలు కూడా కల్పించింది. ఒక దర్శకుడు ఒక నిశ్శబ్దాన్ని ఎన్ని క్షణాలు నిలపాలో ఆలోచించి కోసుకున్న షాట్‌ను ఆ వేగంతో చూసి, చూశానని చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. క్లబ్బు చేసే మొదటి మేలు ఇక్కడే. ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు ఇరవై మంది ఈ సినిమా గురించి మాట్లాడబోతున్నారు, అందులో నేనూ ఉండాలి అన్న చిన్న బాధ్యత ఉంటే మనిషి ఆ మొదటి 20 నిమిషాలూ దాటుతాడు. దాటాక అవతల ఏముందో అతనికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇలాంటి కలయిక మనకు కొంతకాలం ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు దూరదర్శన్ వేరువేరు భాషల అవార్డు సినిమాలు వేసేది. దేశమంతా అదే సినిమా, అదే గంటలో. ఎందరో తెలుగువాళ్లు మలయాళం, బెంగాలీ, కన్నడం, అస్సామీ సినిమాల పేర్లు మొదటిసారి విన్నది అప్పుడే. ఆ అవార్డు సినిమా రాగానే జనం టీవీలు కట్టేసేవారు కదా, ఆ మాటే తిట్టుగా మారిపోయింది కదా అని వెంటనే ఎదురు చెబుతారు. నిజం, చాలా ఇళ్లల్లో అలాగే జరిగింది. ఎందుకు జరిగిందన్నదే ప్రశ్న. సినిమాను తెచ్చి ఇంట్లో పడేశారు, దాని పక్కన మాట్లాడే మనిషిని పెట్టలేదు. ఇది ఏ రాష్ట్రపు కథ, ఈ మనిషి ఇంతసేపు ఎందుకు నడుస్తున్నాడు, ఈ మౌనం ఏమిటి అని అడిగితే చెప్పేవాళ్లు, కనీసం తమకూ అర్థం కాలేదని నిజాయితీగా ఒప్పుకునేవాళ్లు లేరు. తెలుగువాళ్లు కళను ఇలా ఒంటరిగా మింగే అలవాటున్నవాళ్లు కారు. పురాణం ఒకరు చదివితే మరొకరు అర్థం చెప్పేవారు, వినేవాళ్లు మధ్యలో ఆపి అడిగేవారు. బుర్రకథలో అయితే ఆ అడగడం కళలోనే భాగం. కథకుడికి ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత నిలబడి, అడుగుతూ, ఎత్తిపొడుస్తూ, అనుమానాలు తెస్తూ ఉంటే తప్ప కథ ముందుకు నడవదు. వేదిక మీద ఇద్దరు ప్రశ్నించేవాళ్లను నిలబెట్టుకున్న జాతికి చర్చ అనేది సినిమాకు బయటి తగిలింపు అని చెబితే ఎలా ఒప్పుకోవడం?

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని గౌరవంగానే ఎదుర్కోవాలి. మంచి సినిమా మనిషి లోపల జరిగేది, దాన్ని వెంటనే మాటల్లో పెడితే ఆ అనుభవం చెదిరిపోతుంది, పైగా చర్చలో గట్టిగా మాట్లాడేవాళ్ల అభిప్రాయం మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది అంటారు. చర్చ చెడ్డగా నడిస్తే ఈ రెండూ జరుగుతాయి. మంచిగా నడిస్తే ఏం జరుగుతుందో మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ'తో చూద్దాం. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను ఒక బెంగాలీ దర్శకుడు 1977లో తెలంగాణ పల్లెకు తెచ్చి తెలుగులో తీసిన సినిమా ఇది. పని చెయ్యనని తెగేసి చెప్పే తండ్రి వెంకయ్యగా వాసుదేవరావు, అతని వెంటే నడిచే కొడుకు, ఆ ఇంటికి కోడలిగా వచ్చి చాకిరీ చేసి చేసి పురిటినొప్పులతో చచ్చిపోయే నీలమ్మగా మమతా శంకర్. ఒంటరిగా చూసిన మనిషికి వెంకయ్య మీద ఏదో ఒక తీర్పు కుదురుతుంది. ఒకరికి అతను సోమరి, క్రూరుడు. ఇంకొకరికి అతను పని మానేసిన మొదటి సమ్మెదారు: మనం కష్టపడితే బలిసేది దొరలే, కాబట్టి కష్టపడను అని కడుపు మాడ్చుకుని నిలబడ్డవాడు. ఎవరి తీర్పుతో వాళ్లు నిద్రపోతారు. నలుగురు కూర్చుంటే ఆ తీర్పులు ఒకదాన్నొకటి నిలదీస్తాయి. సమ్మె అంటున్నారే, ఆ సమ్మె ఖర్చు మోసిందెవరు, నీలమ్మ కాదా అని ఒకరు అడుగుతారు. సోమరి అంటున్నారే, అతను పనిచేసి ఉంటే నీలమ్మ బతికేదా, ఆ ఊళ్లో పనిచేసినవాళ్లు ఎలా ఉన్నారో సినిమా చూపించిందిగా అని ఇంకొకరు అడుగుతారు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోయాక ఇద్దరూ ఆ సినిమాను మళ్లీ లోపల చూసుకుంటారు. అనుభవం చెదరలేదు, దానికి ఇంకో అంతస్తు లేచింది. చర్చ మన అభిప్రాయాన్ని లాక్కుంటుందన్న భయం ఉన్నవాళ్లు ఒంటరిగా ఏర్పడిన తమ అభిప్రాయం ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి. చాలాసార్లు అది సినిమా చూడకముందే ఉన్నది.

'దాసి' సంగతికి మళ్లీ వస్తాను, ఆన్‌లైన్ క్లబ్బు ఎందుకన్నదానికి నాకు తెలిసిన గట్టి ఆధారం అదే కాబట్టి. 1988 సినిమాలకిచ్చిన జాతీయ పురస్కారాల్లో దానికి ఐదు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. ఒక తెలుగు సినిమాకు అంత గౌరవం దక్కడం అరుదు. అయినా నలభై దాటని తెలుగు ప్రేక్షకుల్లో దాన్ని చూసినవాళ్లు ఎందరున్నారో చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చేమో. పెళ్లయిన దొరసాని వెంట అత్తవారి గడికి కట్నంతో పాటు పంపే ఆడబాపల కథ అది. అలాంటి ఆడబాప కమలాక్షి మాట్లాడేది తక్కువ. ఆమె ఏం మోస్తోంది, ఏం తుడుస్తోంది, ఎవరు పిలిస్తే ఎలా తిరుగుతోంది అన్నదాంట్లోనే కథ ఉంది. దొరవల్ల వచ్చిన గర్భాన్ని తీయించేసే దాకా ఆ మౌనం బిగుసుకుంటూ పోతుంది. ఈ సినిమా పూర్తిగా విప్పుకోవాలంటే ఏమేం కావాలి? గడి అంటే ఎలా ఉండేదో, ఏ గుమ్మం దాకా ఎవరికి ప్రవేశమో పెద్దల నోట విన్నవాళ్లు కావాలి. వాళ్లు ఏ కరీంనగర్‌లోనో జనగామలోనో ఉంటారు. ఆ దీపపు వెలుగును ఎలా పట్టారో చెప్పగలిగిన కెమెరా తెలిసిన మనిషి కావాలి. అతను హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు. చరిత్ర చదివిన ఒకరు ఢిల్లీలోనో, నిజాం పాలన గురించి అసలేమీ తెలియని కోస్తా అమ్మాయి డల్లాస్‌లోనో ఉంటారు. ఆ అమ్మాయి అడిగే 'ఆమె ఎందుకు పారిపోలేదు' అన్న ప్రశ్నే అందరికంటే ముఖ్యమైనది కావచ్చు. వీళ్లంతా ఏ ఊరి హాల్లో కలుస్తారు? హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి ఎనిమిదైతే ఎండాకాలం డల్లాస్‌లో అదే పొద్దున తొమ్మిదిన్నర. ఆ గంట ఒక్కటే వాళ్లందరికీ ఉమ్మడి చోటు. డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ లాంటివి ఏళ్ల తరబడి పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడుకుంటూ వచ్చాయి. పుస్తకానికి పనికొచ్చిన పద్ధతి సినిమాకు పనికిరాదనడానికి నాకు కారణం కనిపించదు.

బాగుంటే జనమే చూసేవారు, చూడలేదంటే అది పదిమంది కోసం తీసిన సినిమా అన్నది ఇంకో మాట. ఇది వినడానికి ప్రజల పక్షంలా ఉంటుంది. 'మా భూమి'నే తీసుకుందాం. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, నర్సింగరావు నిర్మాణ భాగస్వామ్యం, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం, ఏ తారా లేదు, 1980లో విడుదలైంది, జనం విరగబడి చూశారు. అదే నర్సింగరావు తర్వాత తీసిన 'దాసి'కి, 'మట్టి మనుషులు'కు ఆ జనం ఎందుకు రాలేదు? ఆ సినిమాలు నాసిరకమైనవని ఎవరూ అనరు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి జనం అప్పటికే ఇళ్లల్లో, పొలాల్లో, మీటింగుల్లో, పాటల్లో మాట్లాడుకుంటున్నారు. 'మా భూమి' ఆ మాటల మధ్యకు వచ్చి నిలబడింది, గద్దర్ తెర మీదకే వచ్చి పాడారు. అంటే దాని చర్చావేదిక ముందే సిద్ధంగా ఉంది. 'దాసి'కి అలాంటిది లేదు. ఒక ఆడబాప మౌనం గురించి మాట్లాడే అలవాటు, అందులోనూ ఆడవాళ్లు నోరు విప్పే చోటు, అప్పటికి మనం ఏర్పరచుకోలేదు. కాబట్టి జనాదరణ సినిమా గుణం ఒక్కదానితో తేలదు, దాని చుట్టూ ఉన్న మాటతోనూ తేలుతుంది. ప్రపంచ సినిమాలోనూ ఇదే జరిగింది. 1952 నుంచి పదేళ్లకోసారి 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకులను అడిగి అత్యుత్తమ చిత్రాల జాబితా వేస్తోంది. బెల్జియం దర్శకురాలు షాంతల్ అకర్‌మన్ 1975లో తీసిన 'జాన్ డీల్‌మన్' 2012 జాబితాలో మొదటి 30లో కూడా లేదు. 2022లో మొదటి స్థానానికి వచ్చింది. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. మాట్లాడేవాళ్లు మారారు. ఆ సారి 1600 మందికి పైగా ఓటేశారు, అంతకుముందు పిలుపు అందనివాళ్లు చాలామంది అందులో ఉన్నారు.

హాలు అనుభవం వేరు, దాన్ని ఆన్‌లైన్ ఇవ్వలేదు అన్నది నేను పూర్తిగా ఒప్పుకునే అభ్యంతరం. చీకట్లో పక్క మనిషి ఊపిరి బిగబట్టడం వినిపించే చోటుకు సాటి లేదు. పెద్ద తెర మీద కనిపించే ముఖం వేరు, అరచేతిలో కనిపించే ముఖం వేరు. హాలు దొరికే ఊళ్లో ఉన్నవాళ్లు హాలుకే వెళ్లాలి, ఆ సొసైటీలకు చందా కట్టి నిలబెట్టాలి. కానీ పాత సొసైటీల సినిమా అనుభవాన్ని మరీ బంగారంలా తలచుకోవడం న్యాయం కాదు. అద్దె గదిలో, రీలు రీలుకూ ఆగుతూ, గీతలు పడ్డ 16 ఎం.ఎం. ప్రింటు, వినపడని మాట. దాన్ని భరించింది తర్వాత జరిగే సంభాషణ కోసమే. ఆ సంభాషణకు రాగలిగినవాళ్లు ఎవరన్నది కూడా చూడాలి. సాయంత్రం ఆరున్నరకు వంటపని, పిల్లల చదువు వదిలి రాగలిగిన ఆడవాళ్లు ఎందరు? రాత్రి తొమ్మిదింటికి ఆఖరి బస్సు పట్టుకోవలసిన పల్లెటూరి కుర్రాడి మాటేమిటి? చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, రెండో అంతస్తు మెట్లెక్కలేని పెద్దవాళ్లు ఎలా వస్తారు? హాలు కోసం బెంగపడేవాళ్లు ఆ హాలు గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్లను లెక్కలోకి తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో లోపాలున్నాయి. కెమెరా కట్టేసి ఇంకో పని చేసుకునేవాళ్లుంటారు, ఒకాయన మైకు వదలడు, కొందరు నెల తిరక్కుండా మానేస్తారు. ఇవి నడిపే తీరుతో సరిదిద్దుకోగల లోపాలు. ఇరవై మందికి మించకుండా చూసుకోవచ్చు. మొదటి గడియలో అభిప్రాయం అడక్కుండా ఏం కనిపించింది, ఏం వినిపించింది అని మాత్రమే వంతులవారీగా అడగవచ్చు. ఎక్కువ మాట్లాడనివాళ్లకు ముందు అవకాశమివ్వవచ్చు. దొంగ ప్రింట్లకు చోటివ్వకుండా, న్యాయంగా దొరికే సినిమానే నెలకొకటి పెట్టుకోవచ్చు. గుమ్మం దాటలేకపోవడం అలా సరిదిద్దుకోగల లోపం కాదు.

ఫిల్మ్ సొసైటీలు వాటంతట అవే చచ్చిపోయాయి, అదే తీర్పు అంటారు చివరికి. కొన్ని పోయాయి, కొన్ని ఇప్పటికీ పట్టుదలగా నడుస్తున్నాయి. పోయినవాటి తప్పులు దాచనక్కర్లేదు. సెన్సారు కత్తెర పడని దృశ్యాల కోసం సభ్యత్వం తీసుకున్నవాళ్లు ఉన్నారని ఆ ఉద్యమంలో పనిచేసినవాళ్లే చెప్పారు. ఆ సినిమాలు ఆగగానే వాళ్లు వెళ్లిపోయారు. అంతకంటే పెద్ద తప్పు, నా లెక్కలో, భాష. చర్చ చాలాచోట్ల ఇంగ్లీషులో నడిచింది, లేదా ఇంగ్లీషు పుస్తకాల నుంచి ఎత్తిన మాటలతో తెలుగులో నడిచింది. కథ బాగుందా, పాత్ర నిలబడిందా అని మాట్లాడటానికి మనకు నిండైన భాష ఉంది. పద్యం గురించి, రాగం గురించి మాట్లాడటానికీ ఉంది. కొడవటిగంటి కుటుంబరావు లాంటివాళ్లు సినిమా గురించి తెలుగులో సూటిగా రాసి దారి చూపించారు. అయినా ఒక షాట్ ఎందుకు అంతసేపు నిలిచింది, ఆ నిలవడం మనకేం చేసింది అని చెప్పవలసి వచ్చేసరికి ఇప్పటికీ తడబడతాం. ఆ మాటలు పండితులు నిఘంటువులో వేస్తే పుట్టవు. తెలుగు మాట్లాడుకునే ఇరవై మంది నెల నెలా ఒక సినిమా ముందు పెట్టుకుని, ఒకరికొకరు అర్థమయ్యేలా చెప్పుకునే ప్రయత్నంలో పుడతాయి.

'జాన్ డీల్‌మన్' మూడు గంటల 21 నిమిషాల సినిమా. ఒక ఇల్లాలి మూడు రోజులు. వంట, గిన్నెలు, పక్క సర్దడం, బూట్లు తుడవడం, ఇల్లు గడవడానికి మధ్యాహ్నం ఇంటికొచ్చే మగవాడు, సాయంత్రం బడి నుంచి వచ్చే కొడుకు. రెండో రోజు బంగాళదుంపలు ఎక్కువ ఉడికిపోతాయి. ఆమె ఆ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి ఇవతలికి, ఇవతలి నుంచి వంటింట్లోకి తిరుగుతుంది. ఎక్కడ పెట్టాలో తెలియదు. ఏ సంగీతమూ రాదు, ముఖంలో పెద్ద మార్పు కూడా ఉండదు. ఆమె జీవితం పట్టు తప్పడం మొదలైంది అక్కడే. దీని గురించి విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు, వాటిలో మంచివి ఉన్నాయి. కానీ ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే పొయ్యి వెలిగిస్తున్న ఒక తెలుగు గృహిణి, తెనాలిలోనో నిజామాబాద్‌లోనో తన ఇంట్లోనే కూర్చుని ఈ సినిమా చూసి, ఆ రాత్రి చర్చలో తన వంతు వచ్చినప్పుడు, దుంపలు ఎక్కువ ఉడికిపోయాక ఆవిడకి ఇంక చేతులాడలేదండీ అంటే, ఆ షాట్ గురించి చెప్పవలసింది ఆ ఒక్క మాటలో వచ్చేసింది. ఆ మాట ఆమె దగ్గర ఎప్పటినుంచో ఉంది. అడిగిన చోటు లేదు.